ఆక్స్‌ఫర్డులో జాన్ వెస్లీగారి విద్యార్థి దినములు

ప్రతి సంవత్సరము కళాశాలలు తెరచు దినములు వచ్చినప్పుడు మన ఆలయములలో ఒక దృశ్యము చూచుచున్నాము. ఆరాధన ముగియుటకు ముందు అయ్యగారు విద్యార్థులను ముందుకు పిలుచుదురు. వారు బల్ల ఎదుట మోకరింతురు. సంఘమంతయు వారి కొరకు ప్రార్థించును. వెనుక వరుసలో కూర్చున్న తల్లి కొంగుతో కన్నులు తుడుచుకొనును. తమ యింటిలో మొట్టమొదట కాలేజీ మెట్లు ఎక్కబోవుచున్నది ఆ బిడ్డయే కావచ్చును. ఫీజు కొరకు తండ్రి అప్పు చేసి యుండవచ్చును. తరువాత ఆ బిడ్డను మనము మరల జ్ఞాపకము చేసికొనునది పరీక్షా ఫలితములు వచ్చిన దినముననే. ఈ రెండు దినముల మధ్య ఆ బిడ్డ కాలము ఎట్లు గడుపుచున్నాడు, ఎవరితో తిరుగుచున్నాడు, చేతిలోని రూపాయి ఎటు పోవుచున్నది అని మనము అడుగుట లేదు. మా సంఘములో అట్లు ప్రార్థన చేసి పంపిన ఒక బిడ్డ రెండవ సంవత్సరములోనే చదువు మానివేసెను. ఆ సంగతి మాకు ఎనిమిది నెలల తరువాత గాని తెలియలేదు. ఆ తప్పు ఆ బిడ్డది మాత్రమే అని చెప్పుటకు మాకు నోరు రాలేదు.

ఈ శతవార్షిక సంచికలో విద్యార్థుల కొరకును, వారి తలిదండ్రుల కొరకును ఏదైన వ్రాయవలెనని తలంచినప్పుడు మాకు జాన్ వెస్లీగారి జీవితము జ్ఞాపకమునకు వచ్చెను. గొప్ప బోధకులుగా ఆయన మనకందరికి తెలిసినవారే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు దానిలో కలిసిన సంఘములలో మెథడిస్టు సంఘము ఒకటి. 19వ శతాబ్దము చివరి దినములలో సికింద్రాబాదు, మెదక్ ప్రాంతములకు వచ్చి బడులు, ఆసుపత్రులు స్థాపించిన వెస్లియన్ మిషనరీలు ఆయన పేరు ధరించినవారే. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ దేవాలయము ఆ పరిచర్య ఫలమే. అయితే మెథడిస్టు అను పేరు పుట్టినది ఆలయములో కాదు. ఒక విశ్వవిద్యాలయములో కొందరు విద్యార్థులను తోటివారు ఎగతాళి చేసినప్పుడు ఆ పేరు పుట్టెను. అందుచేత ఆయన బోధక జీవితము కంటె విద్యార్థి జీవితమును గూర్చియే ఇక్కడ ఎక్కువగా వ్రాయుచున్నాము.

వెస్లీగారు 1703 జూన్ నెలలో ఇంగ్లండులోని ఎప్వర్త్ అను గ్రామములో జన్మించిరి. తండ్రి శామూయేలు వెస్లీగారు ఆ గ్రామ గురువు. తల్లి సుసన్నమ్మగారు. వారికి పుట్టిన పంతొమ్మిదిమంది బిడ్డలలో అనేకులు పసితనముననే చనిపోయిరి. తండ్రి విద్వాంసుడే గాని యింటి లెక్కలు చూచుకొనుట ఎరుగనివారు. 1705లో అప్పు తీర్చలేక లింకన్ కోటలోని చెరసాలలో కొన్ని నెలలు గడిపిరి. 1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి గురువుగారి యిల్లు అంటుకొని కాలిపోయెను. అందరును బయటికి వచ్చిన తరువాత అయిదేండ్ల జాన్ పైగదిలో నిలిచిపోయినట్లు కనబడెను. ఒకరి భుజములపై మరియొకరు ఎక్కి కిటికీలోనుండి ఆ పసివానిని దించిరి. తరువాత క్షణములోనే కప్పు కూలెను. దేవుడు ఈ బిడ్డను ఏదో పనికొరకు ఉంచెనని తల్లి నమ్మెను.

ఆ తల్లియే ఆ బిడ్డలకు మొదటి ఉపాధ్యాయురాలు. బిడ్డకు అయిదేండ్లు నిండగానే చదువు మొదలుపెట్టించెడివారు. దినమునకు ఆరు గంటలు పాఠము. ఆ సమయములో ఇంటిపనులు అడ్డము రాకూడదు, ఎవరును లేచి తిరుగకూడదు. చేతినిండ పని, చాలని ఆదాయము, తరచు వచ్చు జబ్బులు ఉన్నను ఆమె ఆ నియమము తప్పలేదు. అంతేగాక వారములో ఒక్కొక్క సాయంకాలము ఒక్కొక్క బిడ్డకు కేటాయించి, ఆ బిడ్డతో ఏకాంతముగా మాటలాడెడివారు. జాన్‌కు గురువారము. ఆయన పెద్దవాడై కళాశాలలో ఉపాధ్యాయుడైన తరువాత కూడ ఆ గురువారపు సాయంకాలములను మరువలేక, తన కొరకు ఆ గడియ ప్రార్థనలో గడుపవలెనని తల్లిని జాబులో వేడుకొనెను. మంచి విద్యార్థి తయారగునది కాలేజీలో కాదు, ఇంటిలోనే అని పెద్దలు చెప్పు మాట ఇక్కడ నిజమైనది.

1714లో, పదేండ్ల వయస్సున, ఆయనను లండనులోని చార్టర్‌హౌస్ పాఠశాలలో చేర్చిరి. అది హాస్టలు జీవితము. పెద్ద పిల్లలు చిన్నవారి కంచములలోని మాంసము లాగుకొని తినెడివారు. జాన్‌కు చాల దినములు రొట్టె మాత్రమే మిగిలెడిది. ప్రతి ఉదయము తోట చుట్టు మూడుసార్లు పరుగెత్తవలెనని తండ్రి చెప్పి పంపెను. తండ్రి చూచుట లేదు గదా అని ఆ బాలుడు ఆ మాట మానలేదు. తన దేహారోగ్యమునకు ఆ పరుగు ఒక కారణమని వృద్ధాప్యములో కూడ చెప్పుకొనెడివారు.

1720లో పదునేడేండ్ల వయస్సున ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో క్రైస్ట్ చర్చి అను కళాశాలలో ప్రవేశించిరి. చార్టర్‌హౌస్ పాఠశాల నుండి సంవత్సరమునకు 40 పౌనుల విద్యార్థి వేతనము దొరికెను. ఇక్కడ మేము ఒక సంగతి దాచకుండ చెప్పవలెను. ఆ మొదటి సంవత్సరములలో వెస్లీగారు ఆదర్శ విద్యార్థి కాడు. తెలివిగలవాడు, హాస్యము తెలిసినవాడు, చెడునడత లేనివాడు. గాని ఆయన కాలమునకు లెక్క లేదు, డబ్బునకు లెక్క లేదు. అప్పులు పడెను. అప్పు వలన చెరసాల చూచిన భర్త గల ఆ తల్లికి కుమారుని అప్పుల వార్త ఎంత దుఃఖము కలిగించెనో మనము ఊహించగలము. ప్రార్థనలు చదివెడివాడు, ఆలయమునకు వెళ్లెడివాడు. అంతటితో తృప్తి పొందెడివాడు. 1724లో బి.ఏ. పట్టము వచ్చెను.

మార్పు 1725లో మొదలాయెను. గురుత్వమునకు సిద్ధపడుచు ఆయన జెరెమీ టేలరుగారు వ్రాసిన పరిశుద్ధ జీవితమును గూర్చిన గ్రంథమును, థామస్ ఎ కెంపిస్ గ్రంథమును చదివిరి. కాలమును జాగ్రత్తగా వాడుట భక్తికి మొదటి మెట్టు అని టేలరుగారు బోధించిరి. ఆ మాట యువకుని హృదయమును గ్రుచ్చెను. ఆ సంవత్సరమే ఆయన ఒక దినచర్య పుస్తకము వ్రాయ మొదలుపెట్టిరి. దానిలో ఏ గంట ఎట్లు గడచినది, ఏమి చదివినది, ఎవరితో మాటలాడినది, ఎక్కడ తప్పినది గుర్తులతో వ్రాసికొనెడివారు. అది ఇతరులకు చూపుటకు కాదు. అంగడివాడు సాయంకాలము దుకాణము మూయకముందు లెక్క చూచుకొన్నట్లు, ఆయన దేవుని యెదుట తన దినమును లెక్క చూచుకొనెడివారు. ఆ సంవత్సరము సెప్టెంబరులో డీకనుగా అభిషేకము పొందిరి.

వేకువజామున లేచు అలవాటు ఎట్లు వచ్చెనో ఆయన తరువాత వివరించి యున్నారు. ప్రతి రాత్రి నడిజామున మెలకువ వచ్చి కొంతసేపు నిద్ర పట్టెడిది కాదు. అవసరమునకు మించి పడకలో ఉండుటయే దీనికి కారణమై యుండునని ఆలోచించి, ఒక అలారము గడియారము సంపాదించిరి. మొదట ఉదయము ఏడు గంటలకు లేచిరి. రాత్రి మెలకువ తప్పలేదు. తరువాత ఆరు గంటలకు, ఆ తరువాత అయిదు గంటలకు లేచి చూచిరి. నాలుగు గంటలకు లేచిన దినమున మాత్రము రాత్రియంతయు చక్కగా నిద్రపట్టెను. నాటినుండి అరువది సంవత్సరములు ఆ గడియ మార్చలేదు. మన పిల్లలందరు నాలుగింటికి లేవవలెనని మేము చెప్పుట లేదు. ఆయన రాత్రి పెందలకడనే పడుకొనెడివారు కూడ. తన దేహము సంగతి తానే పరీక్షించి తెలిసికొని, తెలిసినదానిని విడువకుండుటయే ఇక్కడ గమనింపదగినది. అర్ధరాత్రి వరకు చేతిలో ఫోను పట్టుకొని ఉదయము తరగతిలో కునుకుపాట్లు పడు మన బిడ్డలకు ఈ పరీక్ష పనికివచ్చును.

1726 మార్చి 17న లింకన్ కళాశాలవారు ఆయనను ఫెలోగా ఎన్నుకొనిరి. ఆ యేడే గ్రీకు భాషోపాధ్యాయునిగాను, విద్యార్థుల వాదములకు అధ్యక్షునిగాను నియమించిరి. 1727లో ఎం.ఏ. పట్టము పొందిరి. పరీక్షలన్నియు ముగిసినవి; ఇక చదువక పోయినను అడుగువారు లేరు. ఆ సమయముననే ఆయన తనకు తాను ఒక పట్టిక వేసికొనిరి. సోమ, మంగళవారములు గ్రీకు, లాటిను గ్రంథములు, బుధవారము తర్కము, నీతిశాస్త్రము, గురువారము హెబ్రీ, అరబ్బీ భాషలు, శుక్రవారము తత్వశాస్త్రము, ప్రకృతిశాస్త్రము, శనివారము వ్యాసరచన, పద్యరచన, ఆదివారము దైవశాస్త్రము. ఒకేసారి అన్నియు పట్టుకొని దేనిని ముగింపకపోవుట విద్యార్థుల సాధారణ బలహీనత. పరీక్ష ముందు పది రాత్రులు మేలుకొని చదివినది పరీక్షతోనే పోవును. వారమునకు ఒక్క దినమైనను క్రమముగా చదివినది జీవితాంతము నిలుచును. యూరోపు భాషలలోని భక్తిగ్రంథములను ఆయన తరువాత స్వయముగా చదివి ప్రజలకు అందింపగలిగినది ఈ క్రమము వలననే.

ఆ తరువాత రెండేండ్లు తండ్రికి సహాయకునిగా పల్లెలో పనిచేయుచుండగా, ఆక్స్‌ఫర్డులో ఆయన తమ్ముడు చార్లెస్ వెస్లీగారు చదువుచుండిరి. మనము పాడు కీర్తనలు కొన్ని వ్రాసిన భక్తుడు ఆయనయే. ఆయన కూడ మొదటి సంవత్సరము వినోదములలో పోగొట్టుకొనెను. అన్న హెచ్చరించినను చెవిని పెట్టలేదు. అయితే 1729లో తనంతట తానే మేలుకొని, ఇద్దరు ముగ్గురు స్నేహితులను కూర్చుకొని, చదువు ఒక పద్ధతి ప్రకారము చేయుట, ప్రతి వారము ప్రభువు భోజనము పుచ్చుకొనుట మొదలుపెట్టెను. పద్ధతి విడువని ఈ కుర్రవారిని చూచి ఎవరో వేళాకోళమునకు మెథడిస్టులు, అనగా పద్ధతివారు, అని పేరు పెట్టిరి. ఆ సంవత్సరము నవంబరులో జాన్‌గారిని కళాశాలవారు ట్యూటరుగా తిరిగి పిలిచిరి. వయస్సులోను చదువులోను పెద్దవాడైనందున ఆ చిన్న గుంపునకు ఆయన నాయకుడాయెను.

మొదట వారు నలుగురే. వెస్లీ సోదరులు, విలియం మోర్గను, రాబర్ట్ కిర్కమ్. వారములో మూడు నాలుగు సాయంకాలములు ఒకరి గదిలో కూడుకొని గ్రీకు నూతన నిబంధనను, ప్రాచీన గ్రంథములను చదివెడివారు. ఆ దినము ఏమి చేసితిమి, రేపు ఏమి చేయవలెను అని ఒకరినొకరు అడుగుకొనెడివారు. మేము దీనిని ముఖ్యముగా ఎత్తి చెప్పుచున్నాము. మంచి నిర్ణయములు చేయని విద్యార్థి ఎవడు? జనవరి మొదటి దినమున అందరును చేయుదురు. మరునాడు అడుగువాడు లేనందున అవి నిలువవు. వెస్లీగారి వంటి స్థిరచిత్తుడే ఒంటరిగా నిలువక స్నేహితులను వెదకికొన్నప్పుడు, పదునెనిమిదేండ్ల మన బిడ్డ ఊరు కాని ఊరిలో ఒంటరిగా ఎట్లు నిలువగలడు?

ఆ గుంపు చదువుకొను గుంపుగానే మిగిలిన యెడల మనము దానిని నేడు జ్ఞాపకము చేసికొనెడివారము కాము. మోర్గను ఆక్స్‌ఫర్డు కోటలోని చెరసాలకు ఒక మరణశిక్ష పడిన ఖైదీని చూడ వెళ్లెను. అక్కడ అప్పులు తీర్చలేక పడియున్న బీదలను చూచి వచ్చి, మనము వెళ్లవలెనని స్నేహితులను వదలక అడిగెను. 1730 ఆగస్టు 24న వెస్లీ సోదరులు అతనితోకూడ వెళ్లిరి. తండ్రి అభిప్రాయము అడుగగా ఆయన సంతోషముతో ప్రోత్సహించెను; చెరసాలలోని అప్పులవాని బాధ ఆయనకు తెలియనిది కాదు గదా. బిషప్పుగారి అనుమతియు పొందిరి. అప్పటినుండి ఆ విద్యార్థులు వంతులవారీగా చెరసాలకు వెళ్లి వాక్యము చదివి వినిపించెడివారు. చిన్న మొత్తములు చెల్లించి కొందరిని విడిపించిరి. బీద పిల్లలకు బడి నడిపి, ఉపాధ్యాయురాలికి జీతమిచ్చిరి.

చదువుకొను వయస్సులో ఈ పనులు ఏల, చదువు చెడదా అని ఆనాడును అడిగిరి, ఈనాడును అడుగుదురు. వారి చదువు చెడలేదు. మధ్యాహ్నము చెరసాలకు వెళ్లవలసినవాడు ఉదయపు గంటను పాడుచేసికొనడు. తనకొరకు ఒకడు ఎదురు చూచుచున్నాడని తెలిసినవాడు గడియారము చూచుకొనును. బాధ్యత చదువునకు శత్రువు కాదు, దానికి కావలి. ఇంటిలో ఒక్క పనియు చెప్పకుండ, నీవు చదువుకొంటే చాలునని పెంచిన బిడ్డలు అనేకులు కాలేజీలో దారి తప్పుట మనము చూచుచున్నాము.

డబ్బు విషయములో ఆయనను మార్చినది ఒక బీద బాలిక. చలికాలమున ఒక దినము వారి బడికి సంబంధించిన ఒక బాలిక పలుచని గుడ్డతో వణకుచు ఆయన గదికి వచ్చెను. ఇంతకంటె వెచ్చని బట్టలు లేవని చెప్పెను. ఆయన జేబులో చెయ్యి పెట్టగా దాదాపు ఏమియు లేదు. కారణము, గది గోడలకు పటములు కొని అప్పుడే అలంకరించుకొని యుండిరి. ఆ గోడలు తన్ను నేరస్థునిగా తీర్చుచున్నట్లు ఆయనకు తోచెను. అప్పటినుండి ప్రతి కాసునకు లెక్క వ్రాసిరి. ఒక సంవత్సరము 30 పౌనులు రాగా 28తో జీవించి 2 పౌనులు దానమిచ్చిరి. మరుసటి యేట 60 వచ్చెను. ఆ 28తోనే జీవించి 32 ఇచ్చిరి. మూడవ యేట 90 రాగా 62 ఇచ్చిరి. నాలుగవ యేట 120 రాగా 92 ఇచ్చిరి. ఆదాయము పెరిగినకొలది ఖర్చు పెరుగుట లోకరీతి. అప్పులు పడిన విద్యార్థియే ఇట్లు మారుట దేవుని కృప.

ఇట్టి విద్యార్థులను ఆక్స్‌ఫర్డు మెచ్చుకొనలేదు. బైబిలు పురుగులని, పరిశుద్ధ క్లబ్బని రకరకముల పేర్లు పెట్టిరి. 1732 డిసెంబరులో లండనులోని ఒక వారపత్రిక వారిని దూషించుచు ఒక లేఖ ప్రకటించెను. దానికి ముందే ఒక పెద్ద దుఃఖము వచ్చెను. చెరసాల పరిచర్యను ఆరంభించిన మోర్గను చాలకాలము జబ్బుపడి 1732 ఆగస్టు 26న డబ్లినులో మరణించెను. వెస్లీగారు విధించిన కఠినమైన ఉపవాసములే ఆ యువకుని చంపెనని పుకారు పుట్టెను. కుమారుని పోగొట్టుకొన్న తండ్రి మనస్సు ఎట్లుండును! వెస్లీగారు కోపపడలేదు, దాగుకొనలేదు. తాము చేసిన ప్రతి పనిని మొదటినుండి వివరించుచు ఆ తండ్రికి దీర్ఘమైన జాబు వ్రాసిరి. మోర్గను ఉపవాసములు చాలకాలము క్రిందటనే మానివేసెనని తెలిపిరి. తండ్రి ఆ జాబు చదివి తృప్తి పొందెను. అంతేకాదు, మరుసటి సంవత్సరము తన రెండవ కుమారుని వెస్లీగారి యొద్దనే చదువునకు చేర్చెను. నిందకు జవాబుగా తన లెక్కలు తెరచి చూపగలుగుట, ప్రతి దినము లెక్క వ్రాసికొన్నవానికే సాధ్యము.

ఆ గుంపులో చేరినవారిలో మన బీద విద్యార్థులు జ్ఞాపకముంచుకొనదగినవాడు జార్జి విట్‌ఫీల్డు. తండ్రి పసితనముననే పోయెను. గ్లోస్టరులో తల్లి నడుపు సత్రములో గదులు తుడిచి, వచ్చినవారికి వడ్డించి పెరిగెను. 1732లో పెంబ్రోక్ కళాశాలలో సర్విటరుగా చేరెను. అనగా ధనికులైన విద్యార్థులకు సేవచేసి ఫీజు తగ్గింపు పొందు విద్యార్థి. తన బీదతనము వలన దూరముగా నిలిచియున్న ఆ యువకుని చార్లెస్‌గారు ఉదయపు ఫలాహారమునకు పిలిచి, పుస్తకములు ఇచ్చి, గుంపులో చేర్చుకొనిరి. ఒక పూట భోజనపు పిలుపు నుండి ఇంగ్లండును, అమెరికాను కదలించిన బోధకుడు లేచెను. మన కాలేజీలలో కూడ మాట్లాడించువారు లేక వెనుక బెంచీలో కూర్చున్న బిడ్డలు ఉన్నారు.

అయితే విట్‌ఫీల్డు జీవితమే మరియొక హెచ్చరిక కూడ చేయుచున్నది. 1735 లెంటు దినములలో అతడు ముతక రొట్టె, చప్పని కషాయముతో బ్రదుకుచు, చలిలో మోకరించి, తన నీతితో దేవుని మెప్పింపజూచెను. మేడమెట్లు ఎక్కలేనంతగా నీరసించి ఏడు వారములు మంచము పట్టెను. ఆ జబ్బులోనే, నియమముల వలన కాక విశ్వాసము వలననే సమాధానము కలుగునని తెలిసికొనెను. గురువైన వెస్లీగారికి ఆ వెలుగు మరి మూడేండ్లకు గాని కలుగలేదు. ఆయన 1735లో అమెరికాలోని జార్జియాకు మిషనరీగా వెళ్లి, ఆక్స్‌ఫర్డు నియమములను ఆ వలస ప్రజలపై మోపిరి. కలహములు పుట్టెను. 1737 డిసెంబరులో భగ్నహృదయముతో తిరుగు ప్రయాణమైరి. పదమూడేండ్లు ప్రతి గంటకు లెక్క వ్రాసిన మనుష్యునికి తన రక్షణను గూర్చి నిశ్చయము లేదు. 1738 మే 24న లండనులో ఆల్డర్స్‌గేట్ వీధిలోని ఒక చిన్న కూటమిలో, రోమా పత్రికకు లూథరుగారు వ్రాసిన పీఠికను ఒకరు చదువుచుండగా, క్రీస్తు తన పాపములను సహితము తీసివేసెనని ఆయనకు నిశ్చయము కలిగెను.

ఆ దినమునుండి ఆయన అలారము గడియారమును పారవేసెనా? దినచర్య పుస్తకమును చింపివేసెనా? లేదు. నాలుగు గంటలకు లేచుట, లెక్క వ్రాయుట, బీదల యొద్దకు వెళ్లుట యథాప్రకారము సాగెను. మారినది వాటి మూలము. మునుపు దేవుని యొద్దకు ఎక్కుటకు మెట్లుగా ఉన్నవి, ఇప్పుడు దేవుడు ఇచ్చినదానికి కృతజ్ఞతగా మారెను. గుఱ్ఱముపై కూర్చుండి పగ్గములు వదులుగా విడిచి పుస్తకము చదువుచు, రమారమి రెండున్నర లక్షల మైళ్లు ప్రయాణము చేసిరని అంచనా. ఆక్స్‌ఫర్డు గదిలోని ఆ నలుగురి కూటమి వంటిదే, 1742 నుండి పన్నెండుమంది చొప్పున ప్రతి వారము కూడు క్లాసు కూటములుగా వేలమంది కార్మికుల మధ్య నిలిచెను. 1791 మార్చి 2న, 87 సంవత్సరముల వయస్సున, ఆయన ప్రభువునందు నిద్రించిరి.

ఆయనలో లోపము లేదని మేము వ్రాయము. 1748లో కింగ్స్‌వుడ్‌లో ఒక పాఠశాల తెరచి, చిన్నపిల్లలను కూడ నాలుగు గంటలకు లేపి, ఆటలు, సెలవులు లేకుండ చేసిరి. తనకు మేలైన నియమము అందరికి మేలని తలంచుట ఆయన పొరపాటు. తలిదండ్రులమైన మనము కూడ తరచు అదే పొరపాటు చేయుదుము. మన బిడ్డలు ఆటలాడవలెను, నవ్వవలెను, అలసినప్పుడు నిద్రపోవలెను.

ప్రియమైన విద్యార్థులారా, వెస్లీగారి దినములు మీ ముందు ఉంచితిమి. మీ దినమునకు ఒక పట్టిక వేసికొనుడి. సాయంకాలము దేవుని యెదుట లెక్క చూచుకొనుడి. తండ్రి పంపిన డబ్బును వ్రాసి ఖర్చు పెట్టుడి. మిమ్మును అడుగగల ఇద్దరు స్నేహితులను సంపాదించుకొనుడి. మీకంటె కష్టములో ఉన్న ఒక్కరికైనను బాధ్యత వహించుడి. ఒకవేళ పరీక్ష తప్పిన యెడల, మొదటి సంవత్సరము వ్యర్థమైన యెడల, అంతయు పోయినదని తలంచకుడి. ఆ యిద్దరు సోదరులును ఆరంభములో కాలమును పోగొట్టుకొన్నవారే. మీ విలువ మార్కుల కాగితములో లేదు. మీ కొరకు ప్రాణము పెట్టినవానిలో ఉన్నది.

సంఘ పెద్దలారా, మన భారమును కూడ మరువకూడదు. జూన్‌లో ప్రార్థించి పంపిన బిడ్డను ఆగస్టులో ఒకసారి పలుకరించుదము. ఆ పట్టణములోని సంఘమువారికి జాబు వ్రాసి, ఆదివారము ఒక పూట భోజనమునకు పిలువుమని కోరుదము. ఒక్కొక్క విద్యార్థిని ఒక్కొక్క పెద్ద తన వంతుగా తీసికొని, సుసన్నమ్మగారి గురువారమువలె వారమునకు ఒక గడియ వాని కొరకు ప్రార్థించి, వానితో మాటలాడుదము. మేము ఆనాడు ఆ బిడ్డ విషయములో చేయనిది ఇదియే. ఈ శతవార్షిక సంవత్సరము నుండియైనను అది చేయుటకు ప్రభువు మనకందరికి కృప అనుగ్రహించును గాక.